జబ్బు లేని ఇళ్లకు రెండు శేర్లు

మొన్న ఆళ్లగడ్డ బజారులో గింజల అంగడి ముందు నిలబడి ఉంటే, అంగడాయన జొన్నల బస్తా ఒకటి విప్పి గంపలోకి ఒంపాడు. కొత్త జొన్నల దుమ్ము లేచి నేరుగా నా ముక్కులోకి పోయింది. వరసగా నాలుగు తుమ్ములు, మెడ మీద దురద. కొనాల్సింది కొనకుండానే ఇంటికి వచ్చేశాను. ఆ పూటంతా కాలుగాలిన పిల్లిలా వంటింటికీ వాకిలికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. మా కోడలు చూసి చూసి, "ఏందత్తా, ఏం పోయింది?" అని అడిగింది. ఏమీ పోలేదన్నాను. జొన్నల దుమ్మూ స్పిరిట్ వాసనా కలిసి ఉండే గది ఒకటి ఉండేదని, ఆ గదిలో నాకు పని నేర్పిన మనిషి ఒకామె ఉండేదని ఆ పిల్లకు ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తోచలేదు. చెప్పడం చేతకాక రాస్తున్నాను.

ఆమె పేరు సుగుణమ్మ. అందరికీ సిస్టరు. శిరివెళ్ల దాటి ఆళ్లగడ్డకు పోయే దారిలో, రోడ్డుకు మైలు లోపల ఒక ఊళ్లో మిషన్ వాళ్ల చిన్న దవాఖానా ఉండేది. రెండు గదులు, ఒక వసారా. నంద్యాల నుంచి డాక్టరు వారానికొకసారి వచ్చి పోయేవాడు. మిగతా ఆరు రోజులూ ఆమే డాక్టరు, ఆమే నర్సు, ఊడ్చే మనిషి రాకపోతే ఊడ్చేదీ ఆమే. డెబ్భైల చివర్లో నర్సు చదువు ముగించుకుని, ఇరవై మూడేళ్ల వయసులో, ఒక రేకు పెట్టెతో నేనక్కడ దిగేసరికి ఆమెకు నలభై ఐదు దాటి ఉంటాయి. పొట్టి మనిషి, పెద్ద అడుగులు. ఆమె కూర్చోగా నేను చూసింది తక్కువ. నిలబడే రాసేది, నిలబడే సంగటి తినేది. మొదటి రోజు నేను కుర్చీ లాక్కుని కూర్చుంటే, "కుర్చీ జబ్బుతో వచ్చినోళ్లకు మే. నీకేమన్నా జబ్బా?" అంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. రెండు రోజులు ఆమెతో ముభావంగా ఉన్నాను. ఆమె అది గమనించనే లేదు. ఇంకా మండింది.

ఆ దవాఖానాలో చీటీకింత, సూదికింత అని తీసుకునేవాళ్లం కాదు. జొన్నలు తీసుకునేవాళ్లం. ఏటా జొన్న కళ్లాలప్పుడు, మనిషికి రెండు శేర్ల లెక్కన, చేరదలచిన ఇంటివాళ్లు గింజలు తెచ్చి పోసేవాళ్లు. ఆ తరువాత ఏడాది పొడుగునా ఆ ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, కాన్పు వచ్చినా, తేలు కుట్టినా మందు మాది. ముదిరితే నంద్యాలలో మంచం కూడా మాదే. పోగైన జొన్నలు నంద్యాలలో అమ్మి మందులు కొనేవాళ్లు. ఈనాటి వాళ్లు దీన్నే ఇన్సూరెన్సు అంటారు, ప్రీమియం అంటారు. మా ఊళ్లో మందుగింజలు అనేవాళ్లు. ఒకటే మెలిక. అప్పటికే దీర్ఘరోగం ఉన్న మనిషిని చేర్చుకోకూడదు. జబ్బు వచ్చాక చేరొచ్చంటే బాగున్నప్పుడు ఎవరు పోస్తారు? నాకు ఆ నియమం న్యాయంగానే తోచింది.

నేను పనిలో చేరిన నెలకే నాగమ్మ వచ్చింది. కూలి మనిషి. మొగుడు, ఒక కొడుకు, ఒక కూతురు. కూతురు ఓబుళమ్మకు పదేళ్లు. మోకాళ్లు వాచి, జ్వరంతో, నాలుగు మెట్లు ఎక్కేసరికి ఎగరొప్పుతోంది. డాక్టరు చూసి, ఇది కీళ్లలో మొదలై గుండెను పట్టుకునే జ్వరమని, మూడు వారాలకొక పెన్సిలిన్ సూది చొప్పున ఏళ్ల తరబడి వేయాలని, మానితే ప్రమాదమని చెప్పి పోయాడు. నాగమ్మ కొంగులో జొన్నలు మూటగట్టుకుని వచ్చింది. నేను రిజిస్టరు తిరగేసి, "చేర్చుకోకూడదమ్మా, జబ్బు ముందే ఉండాది గదా" అన్నాను.

"జబ్బు లేకపోతే నేనెందుకొస్తా తల్లీ?" అంది నాగమ్మ.

లోపలినుంచి సిస్టరు వచ్చి, పిల్లకు సూది వేసి, ఎవరి పేరున రాయాలో చెప్పకుండా లోపలికి వెళ్లిపోయింది. ఆ వారమే నంద్యాల బస్సెక్కింది. మా మీద పెత్తనం చేసే కమిటీ అక్కడ ఉండేది. అప్పటినుంచి నెలకొకసారి పోవడం, సాయంత్రం బస్సుకు మొహం మాడ్చుకుని రావడం. "ఏమన్నారు సిస్టర్?" అని అడిగితే, "కూర్చోండి, కాఫీ తాగండి అన్నారు" అనేది. అంతకుమించి చెప్పేది కాదు. ఏడెనిమిది కాఫీలయ్యాక, ఆ ఏటి కళ్లాలకు ముందు కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇకమీద జబ్బు ఉందన్న కారణంతో ఎవరినీ తిప్పి పంపకూడదు, చేరిన రోజు నుంచే మందు ఇవ్వాలి అని. సిస్టరు ఆ ఉత్తరాన్ని వసారాలో నిలబడి పెద్దగా చదివింది. చదివి, ఎందుకో ముక్కు చీదుకుని, బావి దగ్గరికి పోయి మొహం కడుక్కుంది.

ఆ ఏడాది ఓబుళమ్మ మా దవాఖానాకు మహారాణి. సూది రోజున తలుపు చాటున నక్కి, "ఈతూరి సలోమక్క వద్దు. సిస్టరే వెయ్యల్ల. సలోమక్క చెయ్యి కోపంగా ఉంటాది" అనేది. సలోమి నా పేరు. సిస్టరు పడీపడీ నవ్వేది. నేను ఉడుక్కునేదాన్ని. పిల్ల మోకాళ్ల వాపు తగ్గింది, మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది, వాళ్లమ్మ వెంట కలుపుకు పోయింది. ఆ పిల్ల అట్లా గెంతుతూ పోతుంటే నాకు సంతోషంగా ఉండేది. అంతవరకు నేను సమర్థించిన నియమం మీద నాకే అసహ్యం వేసింది.

అయితే ఒక్క ఓబుళమ్మే కాదు కదా. చుట్టుపక్కల ఊళ్లలో ఏళ్లుగా మూలుగుతున్న వాళ్లంతా వచ్చారు. ఉబ్బసం, క్షయ, చక్కెర, మానని పుళ్లు. వసారా చాలక చింతచెట్టు కింద గోనెలు పరిచాం. రెండు శేర్ల జొన్నలు ఎప్పుడో అయిపోయాయి. చలి మొదలయ్యే వేళకు ఇంకో ఉత్తరం. వచ్చే కళ్లాలకు మనిషికి ఐదు శేర్లు పోస్తే తప్ప గిట్టదు. ఊళ్లో సగం ఇళ్లయినా చేరకపోతే దవాఖానా ఎత్తేసి ఆళ్లగడ్డలో కలిపేస్తాం. ఆళ్లగడ్డకు రానూపోనూ బస్సు చార్జీ పెట్టుకుని మూడు వారాలకొకసారి కూలి మానుకోవడం నాగమ్మ వల్ల కాదని మా ఇద్దరికీ తెలుసు.

శివారెడ్డి అని ఊళ్లో మోతుబరి రైతు. చెడ్డవాడు కాదు, లెక్క మనిషి. ఆయన చేరితే ఆయన మాట మీద ముప్పై ఇళ్లు చేరతాయి. దవాఖానా మెట్టు మీద నిలబడే మాట్లాడాడు. "మా ఇంట్లో తొమ్మండుగురం సిస్టరమ్మా. పోయిన ఏడు ఒక్కరం గూడా మీ మెట్టెక్కలా. రెండు శేర్లంటే పోనీలే అనుకుంటిమి. ఊరి రోగాలకంతా నేనెందుకు పోయల్ల?"

ఆయన వెళ్లిపోయాక సిస్టరు వసారాలో ఆ చివరికీ ఈ చివరికీ నడవడం మొదలుపెట్టింది. "న్యాయంగానే అడిగినాడు మే. జవాబు ఉండాది. దొరకల్యా" అంది. వారం రోజులు అదే నడక. ఆమె నడుస్తుంటే నాకూ ఏ పని మీదా మనసు నిలిచేది కాదు. ఇంతలో కొలిమిగుండ్ల దగ్గరి దవాఖానాలో నర్సు సెలవు పెట్టిందని, కళ్లాల దాకా అక్కడ ఉండమని ఆమెకు ఆర్డరు వచ్చింది. పోతూ పోతూ, "ఇల్లిల్లూ తిరుగు. చెప్పు. అలగొద్దు" అంది.

తిరిగాను. నాలుగిళ్లలో అదే మాట విన్నాక నాకు తిక్క రేగింది, తిక్కతో పాటు ఒక తెలివీ పుట్టింది. రోగాలున్న వాళ్లు ఐదు పోయాలి, లేని వాళ్లు రెండే పోయొచ్చు అంటే తగువే ఉండదు కదా. ఎవరికి రోగం ఉందో ఎట్లా తేల్చడం? రిజిస్టరు ఉంది. కళ్లాల నాటికి మూడు నెలలుగా దవాఖానా మెట్టెక్కని ఇంటికి మనిషికి రెండు శేర్లు, ఎక్కిన ఇంటికి ఐదు. ఎవరినీ అడక్కుండా, నంద్యాల నుంచి వచ్చిన కొత్త రూలని చెప్పి ఊరంతా చాటించాను. శివారెడ్డి కబురంపాడు, "ఇది మాట" అని. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నెల తిరిగేసరికి వసారాలో జనం పలచబడ్డారు. రెండో నెలకు కుక్క ఒకటి వచ్చి పడుకునేది. నేను నంద్యాలకు ఉత్తరం రాశాను, ఇక్కడ ప్రజల ఆరోగ్యం చాలా మెరుగుపడింది అని. ఆ వాక్యం రాసి మళ్లీ చదువుకుని సంతోషించాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేను లాగి కొట్టాలనిపిస్తుంది. ఓబుళమ్మ సూది రోజులు వచ్చాయి, పోయాయి. బాగుండబట్టే రాలేదు కాబోలు అనుకున్నాను. నర్సు చదువు చదివిన దాన్ని.

కళ్లాలు మొదలైన రోజున సిస్టరు తిరిగొచ్చింది. చేతిసంచి భుజానే ఉంది. వసారా చూసింది, కుక్కను చూసింది. "జనం యాడ?"

"అందరికీ బాగుండాది సిస్టర్."

"బాగుండాదా? చలికాలం పోయి మూడు దినాలు గాలా. ఉబ్బసం ముసలోళ్లు యాడ మే?"

నేను గర్వంగానే చెప్పాను, నా రూలు సంగతి. ఆమె సగం వరకు విని, సంచి కింద పెట్టి, రిజిస్టరు తీసి ఓబుళమ్మ పేజీ తెరిచింది. నాలుగు సూదులు లేవు. రిజిస్టరు అక్కడే వదిలి నాగమ్మ గుడిసె వైపు నడిచింది. నేను వెనకాలే పరిగెత్తాను.

నాగమ్మ గుడిసె వాకిట్లో అడ్డంగా నిలబడింది. మమ్మల్ని చూసి మొహం పాలిపోయింది. "మా ఇంట్లో ఎవురికీ ఏమీ లేదమ్మా. అందరం బాగుండాం. రాసుకోండి" అంది. అంటూ ఉండగానే లోపలినుంచి దగ్గు వినపడింది. సిస్టరు ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా పక్కకు జరిపింది. పిల్ల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడటం లేదట. మోకాళ్లు, మడమలు వాచాయి. నన్ను చూసి నవ్వబోయింది. "మాను మే, నవ్వద్దు" అంది సిస్టరు. నాగమ్మ అప్పుడు ఏడ్చింది. "నలుగురికీ రెండు చొప్పునైతే ఎనిమిది. ఐదు చొప్పునైతే ఇరవై. కూలికి వచ్చేదే ఎంత తల్లీ? మూడు నెల్లు ఓర్చుకుంటే సరిపోతాదనుకుంటి" అంది.

సిస్టరు పిల్లను భుజాన వేసుకుని రోడ్డు దాకా నడిచింది. ఆళ్లగడ్డ నుంచి వచ్చే బస్సు ఆపి నంద్యాల తీసుకుపోయాం. బస్సులో పిల్ల నాగమ్మ ఎదకు ఆనుకుని కూర్చుంది, కాళ్లు నా ఒడిలో. రూలు నంద్యాలది కాదు, నాది అని చెప్పేయాలని గొంతు దాకా వచ్చింది. సిస్టరు నా మొహం చూసి పసిగట్టింది. బస్సు దిగాక పక్కకు పిలిచి, "ఇప్పుడు చెప్పద్దు. నీ బరువు దించుకోను ఇదా సమయం? ఆమె బిడ్డను చూసుకోనీ" అంది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. పిల్ల బతికింది. గుండె మాత్రం దెబ్బతిన్నదని, ఇక మునుపట్లా కాదని డాక్టరు చెప్పాడు.

మర్నాడు సిస్టరు ఒక గోనెసంచి, శేరు పట్టుకుని శివారెడ్డి కళ్లానికి బయలుదేరింది. కళ్లంలో గింజ రాశి పోశాక, ఇంటికి చేరకముందే, ఏడాదంతా ఊరికి పని చేసిపెట్టే మడకలు, అంటే నాగళ్లు, బాగుచేసే వడ్లాయన, కమ్మరాయన, చాకలాయన వరసగా నిలబడి తమ పాలు అడిగి తీసుకుంటారు. దాన్ని మేర అంటారు. సిస్టరు పోయి ఆ వరసలో చివర నిలబడింది. నాకు తల కొట్టేసినట్టయింది. చదువుకున్న నర్సు, తెల్లచీర, గోనెసంచి. "వద్దు సిస్టర్, పోదాం రండి" అని చెవిలో గొణిగాను. "మా నాయన చెప్పులు కుట్టి ఇట్లే నిలబడినాడు, దూరంగా. నేను దగ్గరగానే నిలబడినాను గదా. సిగ్గెందుకు?" అంది. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

శివారెడ్డి చూసి నవ్వాడు. "ఏందమ్మా, నువ్వు గూడానా?"

"మేర అడగను వచ్చినా అప్పా. ఈ ఏడు నీ మడక ఇరిగిందా?"

"ల్యా. వాన బాగా పడె. భూమి మెత్తగుండె."

"మరి వడ్లాయనకు మేర ఎగ్గొట్టినావా?"

ఆయన చేతిలో చేట ఆగింది. "ఎగ్గొడితే వచ్చే ఏడు ఊళ్లో వడ్లాయన ఉంటాడా?"

"నేనూ అంతే. జబ్బు రాలేదని నా మేర మానితే, వచ్చినప్పుడు నేనీడ ఉండను. ఎవురింట్లో మడక ఇరిగిందని చూసి గాదు గదా మేర పోసేది. రాశి పోసినోళ్లంతా పోస్తారు."

కళ్లంలో ఉన్న వాళ్లంతా పని ఆపి చూస్తున్నారు. శివారెడ్డి చేట కింద పెట్టాడు. "ఎంత?" అన్నాడు. "ఐదు గాదు. అందరూ పోస్తే మూడు చాలు. బాగుండేటోళ్లకూ మూడే, బాగలేనోళ్లకూ మూడే" అంది సిస్టరు. "కొలుచుకో" అన్నాడు. తొమ్మిది మందికి కొలిచాను. ఆ వారమంతా కళ్లం తరువాత కళ్లం తిరిగాం. భూమి ఉన్నవాళ్లు రాశిలోంచి, కూలివాళ్లు కూలి గింజల్లోంచి పోశారు. దవాఖానా నిలిచింది.

ఓబుళమ్మ తరువాత రెండేళ్లే ఉంది. సూదులు ఒక్కటి తప్పలేదు. నీళ్ల బిందె ఎత్తలేకపోయేది, బడికి పోయి మధ్యలో వచ్చేసేది. వానాకాలంలో పోయింది. ఆ ఏటి కళ్లాలప్పుడు, శివారెడ్డి కళ్లంలో నేను కొలుస్తుంటే, నాగమ్మ తన కూలి జొన్నల గంప తెచ్చి నా ముందు పెట్టింది. ముగ్గురికి తొమ్మిది శేర్లు కొలిచి ఆపాను. ఆమె గంప తీయలేదు.

"ఇంకా మూడు శేర్లు కొలువు."

"ముగ్గురే గదా నాగమ్మా."

"దానికి వేసిన సూదులన్నీ ఊరి గింజలవే. కొలువు తల్లీ. నువ్వేం చేస్తావు, ఆ మూడు నెల్లు సూదులు నేనే మాన్పిచ్చినా. దుడ్లకు, గింజలకు ఆశపడి బిడ్డను తింటినని మా అత్త అంటాది. నిజమే గదా."

చుట్టూ ముప్పై మంది ఉన్నారు. ఎవరూ కాదనలేదు. నేనూ అనలేదు. కొలిచాను, నాలుగు పేర్లు రాశాను. సాయంత్రం సిస్టరు అడిగింది, "చెప్పలేదేం మే?" అని. "మీరే గదా వద్దన్నారు" అన్నాను. "ఆ దినం నీ బరువు దించుకోను చెప్తావని వద్దంటి. ఈ దినం ఆమె బరువు దించను చెప్పల్సిండె. రెండూ ఒకటేనా?" అంది. అంతే.

తెల్లవారి నాగమ్మ గుడిసెకు పోయి చెప్పాను. రూలు నంద్యాలది కాదు, నేను పెట్టింది, నా తెలివితక్కువతనం అని. ఆమె చెరిగే చేట ఆపకుండా విన్నది. అంతా అయ్యాక, "ఈడ నాకొక్కదానికి చెప్తే ఏం లాభం? నిన్న కళ్లంలో చెప్పింటే నలుగురూ వినిందురు" అంది.

ఆ రోజు కళ్లం ఊరి చివర ఇంకో రైతుది. పోయాను. వడ్లాయనా చాకలాయనా నిలబడే ఆ వరసలో నిలబడి చెప్పాను. ఏ మాటలతో చెప్పానో నాకు గుర్తులేదు. నాగమ్మ అత్త ఏదో అంది, కళ్లం చూడను వచ్చిన శివారెడ్డి చేతిలో బీడీ ఆరిపోయింది, అవి మాత్రం గుర్తున్నాయి. సిస్టరు సంచి మూతి పట్టుకుని నా పక్కనే నిలబడింది. నా వైపు చూడలేదు, దూరమూ జరగలేదు.

సిస్టరు పోయి చాలా ఏళ్లయింది. నేను ఆ తరువాత ఆళ్లగడ్డలో, నంద్యాలలో ముప్పై ఏళ్లు నర్సుగా చేశాను. ఎంతమందికి సూదులు వేశానో లెక్కలేదు. తప్పు చేసినప్పుడు మూల గదిలో చెవిలో చెప్పి చేతులు దులుపుకోవడం మాత్రం నాకు మళ్లీ చేతకాలేదు. దానివల్ల రెండుసార్లు ట్రాన్స్‌ఫరు కూడా అయ్యాను. నాగమ్మ ఆ రోజు తరువాత నాతో ఒక్క మాట మాట్లాడలేదు. బిడ్డను తిన్నదని ముఖం చాటేసిన ఊరు మాత్రం మళ్లీ ఆమెతో మాట్లాడింది. నేనక్కడ ఉన్నన్ని కళ్లాలకూ గంప తెచ్చి నా ముందే పెట్టేది. నేను నలుగురికి కొలిచేదాన్ని.